మన వైజాగ్ ప్లేనోలా అవ్వాలా?

మొన్న శనివారం పార్కర్ రోడ్డు వైపు నలుగురం టిఫిన్‌కి వెళ్లాం. ఇడ్లీలు, దోశలు, ఒక ప్లేటు పునుగులు, కాఫీలు. 8.25 శాతం టాక్సు, ఆపైన టిప్పు, అంతా కలిపి డెబ్బై డాలర్లు దాటింది. రుచికి వంక పెట్టను, ఇంత దూరంలో పునుగు దొరకడమే గొప్ప. తింటుండగా మావాడొకడు ఫోన్లో ఫొటోలు చూపించాడు. వైజాగ్‌లో బండ్లు లేని ఖాళీ ఫుట్‌పాత్‌లు. "చూడరా, మనూరు కూడా ప్లేనోలా అయిపోతోంది" అని మురిసిపోయాడు. నాకైతే ముద్ద దిగలేదు.

తెలియనివాళ్లకి చెప్తున్నా. 2025 సెప్టెంబరులో జీవీఎంసీ వాళ్లు 'ఆపరేషన్ లంగ్స్' అని రోడ్ల పక్కనున్న బడ్డీలు, బండ్లు తీసేశారు. పాత జైలు రోడ్డులో రాత్రిళ్లు నడిచే ఫుడ్ కోర్టు కూడా అందులోనే పోయింది.

ఫుట్‌పాత్ మా అమ్మకీ కావాలి, కాదనను. జగదాంబ దగ్గర ఆవిడ ఆటోల మధ్యలోంచి నడుస్తుంటే నాకూ గుండె దడే.

కానీ మనం ఏం తిని ఇక్కడిదాకా వచ్చామో మర్చిపోతే ఎలా? ద్వారకానగర్లో కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో నా రాత్రి భోజనం బండి దగ్గరే. ఇంటినుంచి వచ్చే డబ్బుల్లో హోటల్ భోజనం లెక్క కుదిరేది కాదు. నాలుగు ఇడ్లీ పెట్టి, బొంబాయి చట్నీ అడక్కుండానే మళ్లీ పోసేవాడాయన. నెలాఖరులో "తర్వాత ఇద్దువులే తమ్ముడూ" అనేవాడు. ఆదివారమైతే ఆర్కే బీచ్‌లో మురీ మిక్చరు. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, కారం వేసి, నిమ్మకాయ పిండి, గిన్నెలో టకటకా కలిపి పొట్లంలో పోసిచ్చేవాడు. చెంచా అంటే అట్టముక్కే. ఇటుపక్క ఆటో నడిపే అన్న, అటుపక్క కారు దిగినాయన, ఇద్దరికీ అదే పొట్లం, అదే రేటు. ప్లేనోలో లేనిది అదే. ఇక్కడ టీ తాగాలన్నా కారు తియ్యాలి.

ఆ ఇడ్లీ ఆయనది శ్రీకాకుళం వైపు. ఆయనా మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే. మనకి వీసా ఎలాగో, ఆయనకి ఆ ఆరడుగుల జాగా అలాగ. అదే సెప్టెంబరులో హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్న వార్త వచ్చినప్పుడు గుర్తుందా, మన గ్రూపుల్లో ఎవరైనా నిద్రపోయారా? ముందు చెప్పకుండా రూలు మారిస్తే ఎలా ఉంటుందో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

దీనికి చట్టం ఉంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం. బండి తీయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం ఆ వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. కాబట్టి ఖాళీ ఫుట్‌పాత్ ఫొటోకి లైకు కొట్టేముందు, ఆ బండ్లకి జాగా ఎక్కడ చూపించారని ఒక్క కామెంటు పెట్టండి. ఊరెళ్లినప్పుడు "యాభై రూపాయలేనా, అర డాలరు!" అని బండి ముందు గట్టిగా అనకండి. పక్కన చిల్లర లెక్కపెట్టుకునేవాడు వింటాడు. నేను అన్నాను ఒకసారి, ఇప్పటికీ సిగ్గే.

డిసెంబర్లో వస్తున్నా. డైమండ్ పార్క్ వైపు సాయంత్రాలు ఇడ్లీ బండి పెట్టే పెద్దాయన, స్టీలు క్యారేజీలో చట్నీ తెచ్చేవాడు, ఇప్పుడు ఎక్కడ పెడుతున్నాడో ఎవరికైనా తెలిస్తే ఇన్‌బాక్స్ చెయ్యండి. ఆయనకి రెండు ప్లేట్ల బాకీ ఉన్నాను.