ఆబోతు మెడ, ఎద్దు మెడ

మా తాతది పలమనేరు దగ్గర ఒక పల్లె. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆయన దొడ్లో రెండు కోడెదూడలు ఉండేవి. ఏడాది తేడాతో ఒకే ఆవుకి పుట్టినవి. పెద్దదాన్ని దేవుడి పేరు చెప్పి ఊరికి ఆబోతుగా వదిలేసినారు. చిన్నదానికి విత్తులు కొట్టించి కాడికి అలవాటు చేసినారు. మూడేళ్ళ తర్వాత సంక్రాంతికి పోయి చూస్తే రెండూ ఒక్క తల్లి బిడ్డలంటే నమ్మబుద్ధి కాలేదు. ఆబోతు మెడ దిమ్మెలాగా బలిసి ఉంది, మూపురం ఒక పక్కకు వాలేంత పెరిగింది. ఎద్దు మెడ సన్నంగా, పొడుగ్గా ఉంది. కాడి ఒరుసుకున్న చోట మాత్రం కాయ కట్టింది. "దానికేం పెడతారు తాతా?" అని అడిగితే ఆయన నవ్వినాడు. "రెండింటికీ అదే గడ్డి, అదే తవుడు. దానికుండేది దీనికి లేదు, అంతేరా" అన్నాడు.

ఆ మాట పోయిన సెమిస్టర్‌లో మళ్ళీ గుర్తొచ్చింది. కారణం నా రూమ్మేట్. వాడిని అడిగే ఇది రాస్తున్నా. పేరు మాత్రం వద్దన్నాడు.

వాడు అరవై కిలోలు కూడా లేని మనిషి. ఏడాదిన్నరగా తెల్లవారి ఐదున్నరకే లేచి జిమ్‌కి పోతా ఉన్నాడు. మెస్‌లో గుడ్లు ఎక్స్‌ట్రా కొనుక్కుంటాడు, రాత్రి నానబెట్టుకున్న శెనగలు పొద్దున తింటాడు. అయినా భుజాలు వాడు కోరుకున్నంత రాలేదు. వాడితో పాటే చేరిన ఇంకొకడు మాత్రం ఆరు నెలలకే టీషర్ట్ చేతులు బిగుసుకుపోయేలా తయారైనాడు. ఒకరోజు రాత్రి మావాడు బ్యాగులోంచి చిన్న గాజు సీసా తీసి టేబుల్ మీద పెట్టినాడు. "పన్నెండు వారాల కోర్సు మామా. ట్రైనర్ అన్న ఇచ్చినాడు. వారానికొక సూది."

నేను వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టినా. "అదంతా ఒట్టి వాపురా. నీళ్ళు. నిజమైన కండ రాదు. కష్టపడితేనే వస్తాది." వాడు ఏం మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక రీసెర్చ్ పేపర్ చూపించినాడు. చదివినాక నాకు నోట మాట రాలేదు.

ఆ పేపర్ 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రాసింది అమెరికాలో పనిచేసే డాక్టర్ శలేందర్ భసీన్ బృందం. 43 మంది మగవాళ్ళను నాలుగు గుంపులు చేసి, కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్, కొందరికి ఉత్త సూది, 10 వారాలు ఇచ్చినారు. ప్రతి రకంలోనూ సగం మంది బరువులెత్తినారు, సగం మంది ఎత్తలేదు. సూదీ వ్యాయామమూ రెండూ ఉన్న గుంపులో కొవ్వు కాని శరీర బరువు సగటున 6 కిలోలు పెరిగింది. ఉత్త సూదితో వ్యాయామం చేసినవాళ్ళకు సుమారు 2 కిలోలు. అసలు బరువులే ఎత్తకుండా మందు మాత్రం తీసుకున్నవాళ్ళకు సుమారు 3 కిలోలు!

అంటే ఊరికే కూర్చుని సూది వేసుకున్నవాడికి, చెమటోడ్చినవాడికంటే ఎక్కువ వచ్చింది. నా ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. స్టెరాయిడ్లు పనిచేయవని మన కుర్రాళ్ళకు చెప్పడం మానేద్దాం. అవి పనిచేస్తాయి. అబద్ధం చెప్పి భయపెడితే, ఆ అబద్ధం ఫోన్‌లో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ తర్వాత మనం చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఎలా పనిచేస్తాయో మొత్తం చెబుదాం. ప్రమాదం ఎక్కడుందో ఆ వివరంలోనే తెలుస్తుంది.

ముందు హార్మోన్ సంగతి. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం దీన్ని మొదటిసారి వేరు చేసింది ఆబోతుల వృషణాల నుంచే. దాదాపు 100 కిలోల వృషణాల నుంచి వాళ్ళకు దక్కింది సుమారు 10 మిల్లీగ్రాములు. టెస్టోస్టిరాన్ అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. మా తాత "దానికుండేది" అన్నది ఇదే. పడుచు మగవాడి ఒంట్లో రోజుకు తయారయ్యేది ఓ 5 నుంచి 7 మిల్లీగ్రాములు. వారమంతా కలిపినా 50కి లోపే. ఆ లెక్క పక్కన 600 అనే అంకెను పెట్టి చూడండి.

అయితే హార్మోన్ ఒక్కటే ఏమీ చేయలేదు. రక్తంలో అది తిరుగుతా ఉంటే సరిపోదు, కండ కణం దాన్ని అందుకోవాలి. ఆ అందుకునే ప్రొటీన్ పేరు ఆండ్రోజన్ రిసెప్టర్. అది కణం లోపల ఖాళీగా కాచుకుని ఉంటుంది. టెస్టోస్టిరాన్ వచ్చి అతుక్కోగానే ఆకారం మార్చుకుని కేంద్రకంలోకి పోయి, డీఎన్‌ఏ మీద తన చోట కూర్చుని కొన్ని జన్యువులను ఆన్ చేస్తుంది. కండ ప్రొటీన్ తయారీ పెరుగుతుంది. కండ పోగుల పక్కన నిద్రపోతున్నట్టుండే శాటిలైట్ కణాలు లేచి పోగులో కలిసి కొత్త కేంద్రకాలు ఇస్తాయి. పోగుల సంఖ్య పెరగడం కంటే ఉన్న పోగులే లావెక్కడం ఇందులో అసలు సంగతి.

ఈ రిసెప్టర్లు ఒళ్ళంతా ఒకే లెక్కన ఉండవు. మనుషుల్లో తొడ కండలో కంటే మెడకూ భుజానికీ మధ్య ఉండే ట్రెపీజియస్ కండలో ఎక్కువని 2000లో స్వీడన్ పరిశోధకులు చూపించినారు. సూదులు వాడేవాళ్ళకు ముందు అక్కడే ఎందుకు ఉబ్బుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. మా ఊరి ఆబోతు మూపురం కూడా చాలావరకు కండే. ఆ మెడ, ఆ మూపురం మగ హార్మోన్ మాట బాగా వినే చోట్లు.

రిసెప్టర్ లేకపోతే ఏమవుతుంది? స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెస్ పతీన్యో కథ దీనికి జవాబు. 1985లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో పరీక్ష చేస్తే ఆమెకు మగవాళ్ళకుండే ఎక్స్‌వై క్రోమోజోములు ఉన్నాయని తేలింది. తర్వాత ఆమెను పోటీల నుంచి తప్పించినారు. కానీ ఆమె ఒంట్లో రిసెప్టర్ పనిచేయదు. టెస్టోస్టిరాన్ తయారవుతున్నా కండకు ఆ కబురే చేరదు. పోరాడి, 1988లో మళ్ళీ అర్హత తెచ్చుకుంది. మన దగ్గరకొస్తే, హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను 2014లో, సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువుందని జట్టు నుంచి తీసేసినారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి పోయింది. హార్మోన్ అంకెను బట్టి ఎంత లాభం వస్తుందో చెప్పే ఆధారం చాలదని 2015 జూలైలో ఆ కోర్టు నిబంధనను పక్కన పెట్టింది. ల్యాబ్ రిపోర్టులోని ఒక్క అంకెతో మనిషి బలాన్ని కొలవలేమన్నమాట.

ఇది మన జిమ్ కుర్రాళ్ళకు ఎందుకంటే, పక్కవాడికి వచ్చి తనకు రాలేదన్నదే కదా మావాడి బాధ! 2018లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు, అప్పటికే బరువులెత్తే అలవాటున్న 49 మంది యువకుల చేత 12 వారాలు వ్యాయామం చేయించినారు. ఎవరికి కండ ఎక్కువ వచ్చిందో, ఎవరికి తక్కువ వచ్చిందో చూస్తే రక్తంలో హార్మోన్ మోతాదుతో దానికి సంబంధం కనబడలేదు. కండ లోపలి రిసెప్టర్ల మోతాదుతో కనబడింది. అంటే ఒకే కష్టానికి ఒకే ఫలితం రాకపోవడం సోమరితనం కాదు, మగతనం తక్కువై అంతకన్నా కాదు. ఇంకో విషయం. ఆ రిసెప్టర్ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగపిల్లలకు ఎక్స్ వచ్చేది అమ్మ నుంచి. కండ చూపించి మీసం తిప్పేవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాలి.

ఇప్పుడు ప్రమాదం సంగతి. మన కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకు ఇది ఒక్క బొమ్మతో అర్థమవుతుంది. ఆ రాత్రి నేను మావాడికి రఫ్ నోట్‌బుక్‌లో గీసింది కూడా అదే. మెదడులోని హైపోథాలమస్ కంట్రోలర్. దాని కింద పిట్యుటరీ, ఎల్‌హెచ్ అనే సిగ్నల్ పంపుతుంది. వృషణాలు ప్లాంట్, అవుట్‌పుట్ టెస్టోస్టిరాన్. ఆ అవుట్‌పుట్ తిరిగి పైకి పోయి, చాలు, ఇక తగ్గించు అని చెబుతుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. ఇప్పుడు అవుట్‌పుట్ దగ్గర బయటనుంచి ఇంకొక సోర్స్ కలపండి. కంట్రోలర్‌కు ఎక్కడనుంచి వచ్చిందో తెలియదు, ఎక్కువైందని మాత్రమే తెలుస్తుంది. సిగ్నల్ ఆపేస్తుంది. ప్లాంట్ మూతపడుతుంది, కుంచించుకుపోతుంది. వీర్యకణాలు తయారు కావాలంటే వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. సూదిమందు అది ఇవ్వలేదు. కాబట్టి రక్తంలో హార్మోన్ పొంగిపొర్లుతున్నా వీర్యకణాలు పడిపోతాయి.

ఇది నా ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సూదినే మగవాళ్ళ గర్భనిరోధకంగా పరీక్షించింది. 1990లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం వారానికి 200 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో సగానికి పైగా మందికి ఆరు నెలల్లోపే వీర్యంలో కణాలు సున్నా అయినాయి. ఆపినాక నెలల మీద తిరిగి వచ్చినాయి. కానీ అది డాక్టర్ల కళ్ళముందు, తెలిసిన మోతాదులో. జిమ్ కోర్సులో సీసాలో ఏముందో, ఎంతుందో ఎవరికి తెలుసు? ఆపిన రోజు బయటి సోర్స్ ఉండదు, లోపలి ప్లాంట్ ఇంకా లేవదు. ఆ మధ్య కాలంలో నీరసం, దిగులు, వచ్చిన కండ కరిగిపోవడం. కొందరికి ఇది నెలలు కాదు, ఏడాది దాటుతుంది. రిసెప్టర్లు కండలోనే ఉండవని కూడా మరిచిపోవద్దు. తల వెంట్రుకల కుదుళ్ళలో ఉంటాయి, గుండె కండలోనూ ఉంటాయి. మిగులు హార్మోన్ కొంత ఈస్ట్రోజన్‌గా మారి ఛాతీ పెరుగుతుంది. రక్తం చిక్కబడుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. భుజం ఒక్కదాన్నే పెంచమని సూదికి చెప్పలేం.

"మాది సూది కాదన్నా, పౌడరే" అనేవాళ్ళు కూడా వినండి. సార్మ్స్ అని ఇప్పుడు కొత్త రకం వచ్చింది. అవీ ఇదే రిసెప్టర్‌ను తట్టేవే. పైన చెప్పిన ద్యుతీ చంద్‌కే 2023లో ఇవి దొరికినందుకు నాలుగేళ్ళ నిషేధం పడింది. తెలియక తీసుకున్నానని ఆమె వాదించింది. జాతీయ స్థాయి క్రీడాకారిణికే అలా అయితే, హాస్టల్ కుర్రాడికి డబ్బా మీది అక్షరాలే దిక్కా?

నిజంగానే పనిచేస్తుందని రాస్తే పిల్లలు ఎగబడరా అని ఈ వ్యాసం మొదట చదివిన ఒక లెక్చరర్ అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఒకటే. పనిచేస్తుందని ట్రైనర్ ఎట్లాగూ చెప్తాడు. సగం నిజం ఆయన చెప్తుంటే మిగతా సగం మనం చెప్పకపోతే ఎట్లా? ఫ్రెషర్స్‌కి ర్యాగింగ్ మీద, డ్రగ్స్ మీద క్లాసు పెడతారు కదా. దీనిమీద కూడా ఒక గంట పెట్టండి. తిరుపతిలో డాక్టర్లకు కొదవలేదు. పశువైద్య కళాశాల కూడా ఇక్కడే ఉంది, ఆబోతు కథ వాళ్ళు నాకంటే బాగా చెప్తారు.

మావాడి సంగతి చెప్పి ముగిస్తా. సీసా నాకు చూపించేనాటికే వాడు నాలుగు సూదులు వేసుకుని ఉన్నాడు. బొమ్మ చూసినాక చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి వారం ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి పోయినాం. రక్త పరీక్షలో ఎల్‌హెచ్ దాదాపు అడుగంటింది. ఆయన తిట్టలేదు. "ఆపేయి. మూడు నెలల తర్వాత మళ్ళీ రా, చూద్దాం" అన్నాడు. ఆ పరీక్ష వచ్చే నెలలో ఉంది. వాడు ఇప్పటికీ ఐదున్నరకే లేచి జిమ్‌కి పోతా ఉన్నాడు, జిమ్ మాత్రం మార్చినాడు. భుజాలు మెల్లగానే వస్తున్నాయి.

మొన్న పండక్కి ఊరికి పోతే తాత ఎద్దు ఇంకా ఉంది. ముసలిదైంది. దాని మెడ ఇప్పటికీ సన్నమే. పదేళ్ళు ఆ మెడతోనే మా రెండెకరాలూ దున్నింది.