కొవ్వుకు విరుగుడు

ఎర్ర వైన్‌లో నురగేమిటని ముఖం చిట్లించేవాళ్లు తరచూ తగులుతుంటారు. బరోలో, బ్రునెల్లో వంటి ఇటలీ ఎర్ర వైన్ల పేర్లు ఎత్తేటప్పుడు గొంతులో భక్తి పలుకుతుంది. నురగ కక్కే ఇటలీ ఎర్ర వైన్ లాంబ్రుస్కో అనగానే నవ్వు వస్తుంది. ఆ నవ్వుకు అమెరికాలో ఒక కారణం ఉంది. 1970, 80 దశకాల్లో రియునితే అనే ఇటలీ సహకార సంఘం తియ్యటి లాంబ్రుస్కోను అక్కడికి ఓడలకొద్దీ పంపింది. ఐసు ముక్కల మీద పోసుకోమని టీవీల్లో ప్రకటనలు వచ్చాయి. ఏళ్ల తరబడి ఆ దేశపు దిగుమతి వైన్లలో అమ్మకాల్లో అదే మొదటిది. దానితోపాటు అది సోడాకు చుట్టం అన్న ముద్రా పడింది. తమాషా ఏమిటంటే, దాన్ని దిగుమతి చేసిన మరియాని సోదరులు ఆ లాభాలతోనే 1978లో ఇటలీలోని మొంతాల్చినోలో బాన్ఫీ ఎస్టేటు మొదలుపెట్టారు. ఇవాళ అక్కడి బ్రునెల్లోను కళ్లు మూసుకుని ఆస్వాదించే పెద్దమనుషులు ఎవరి సొమ్ముతో నాటిన తోటో ఒకసారి తలచుకోవాలి.

అసలు లాంబ్రుస్కో ఒక్క ద్రాక్ష కాదు, ఒక ఇంటిపేరు. ఉత్తర ఇటలీలోని ఎమీలియాలో, మోదెనా, రెజ్జో ఎమీలియా చుట్టుపక్కల ఆ కుటుంబం కాపురం. సొర్బారా రకం లేత గులాబి రంగులో, పళ్లు జివ్వుమనే పులుపుతో ఉంటుంది. దాని పువ్వు సొంతంగా ఫలదీకరణ చెందలేదు. అందుకే పక్కనే సలమీనో తీగలు నాటుతారు. గుత్తి చిన్న సలామీలా ఉంటుందని దానికా పేరు. కాస్తెల్వెత్రో కొండవాలుల్లో పండే గ్రాస్పరోస్సా చిక్కటి ఊదా రంగు, నాలుక పట్టేసే వగరు. ఈ మూడింటికీ 1970లోనే ప్రాంతీయ గుర్తింపు దక్కింది. తియ్యటి సీసాలూ ఉన్నాయి గానీ, నన్నడిగితే ‘సెక్కో’, అంటే తీపి లేనిది, అని రాసి ఉన్నదే కొనాలి.

ఇక వంటింటి సంగతి. లాంబ్రుస్కోను ఒట్టిగా తాగి తీర్పు చెప్పడమంటే, అన్నం లేకుండా ఆవకాయ నాకి ఉప్పెక్కువైందనడమే. ఎమీలియాలో పంటికింద పడేదంతా పాలూ పందీ. 40 కిలోల పార్మిజానో చీజ్ చక్రం ఒకటి తయారవ్వాలంటే దాదాపు 550 లీటర్ల పాలు విరగ్గొట్టాలి. మిగిలిన తేట పందులకు మేత. ఆ పందుల తొడలే పార్మా హామ్. పిండిముద్దను పలచగా ఒత్తి పందికొవ్వులో వేయిస్తే మన పూరీలా పొంగేది ‘న్యోక్కో ఫ్రిత్తో’. అది వేడివేడిగా ఉండగానే హామ్ పలక కప్పితే కొవ్వు కరిగి జారుతుంది. రెండు ముక్కలకే నోరంతా జిడ్డు పేరుకుంటుంది. అప్పుడు చల్లటి లాంబ్రుస్కో ఒక గుక్క పడితే, పులుపూ నురగా కలిసి నాలుకను కడిగేస్తాయి. మూడో ముక్కకు చెయ్యి దానంతటదే పోతుంది. కొత్త సంవత్సరానికి వండే ‘జాంపోనే’, అంటే మసాలా మాంసం కూరిన పందికాలు, దాని పక్కన ఉడికించిన మసూరుపప్పు, వాటికీ ఇదే మందు.

మాంసంలో గోంగూర వేసి మనం పులుపును కూరలోనే పెట్టుకున్నాం. వాళ్లు గ్లాసులో పెట్టుకున్నారు. అందుకే గోంగూర మాంసానికి లాంబ్రుస్కో జోడీ అని ఎవరైనా చెబితే నేనైతే నమ్మను. పులుపు మీద పులుపు, ఆపైన మిరపకారం మీద నురగ చురచురలు!

పో నదికి ఆవలి ఒడ్డున మాంతోవాలో గ్లాసు కూడా అక్కర్లేదంటారు. అక్కడా లాంబ్రుస్కో పండుతుంది. మాంసం కూరిన చిన్న పాస్తా ‘అన్యోలీని’ తేలే వేడి రసం గిన్నెలోకి నేరుగా వైన్ వంచుతారు. దాన్ని ‘బెవ్రిన్ విన్’ అంటారు. ఊదా రంగు తిరిగిన ఆ రసాన్ని, పొగలు కక్కుతుండగా, భోజనానికి ముందు గిన్నె ఎత్తి తాగేస్తారు.