ఏ పువ్వుకి ఏ ఈగ?

జూన్ దాటిందంటే మన వాళ్ళ ఫోన్ కబుర్లలో సొరపాదు (మా వైపు ఆనప అంటాం) ప్రస్తావన రాకుండా ఉండదు. "పువ్వులు బోలెడు పూస్తున్నాయండీ, పిందెలే నిలవడం లేదు" అంటారు. ఎరువు వెయ్యమని ఒకరు, నీళ్ళు తగ్గించమని ఇంకొకరు సలహా చెప్తారు. నేను మాత్రం ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఆ పువ్వు ఎన్ని గంటలకి విచ్చుకుంటోంది?

సొరపువ్వు విచ్చుకునేది పొద్దుగూకే వేళ. పగలల్లా మీ పెరట్లో తిరిగిన తేనెటీగ అప్పటికి గూటికి చేరిపోతుంది. చీకట్లో కూడా కనిపించే ఆ తెల్ల పువ్వు ఎదురుచూసేది మాత్ కోసం. మాత్ అంటే సీతాకోకచిలుకకి రాత్రిపూట తిరిగే చుట్టం అనుకోండి. అది మీ వీధిలో లేకపోతే ఆ పని మీరే చెయ్యాలి. చీకటి పడ్డాక ఒక మగ పువ్వు కోసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో పుప్పొడి అద్దితే చాలు.

ఇలా పువ్వుని చూసి, దాని దగ్గరికి వచ్చే అతిథి ఎవరో చెప్పడం పెద్ద శాస్త్రమే. 1862లో ఛార్లెస్ డార్విన్‌కి మడగాస్కర్ నుంచి తెచ్చిన ఒక తెల్ల ఆర్కిడ్ పంపించారు. దాని వెనక పదకొండున్నర అంగుళాల సన్నని గొట్టం వేలాడుతోంది. మకరందమంతా దాని అడుగున ఉంది. అంత పొడుగు తొండం ఉన్న మాత్ ఎక్కడో ఉండి తీరాలన్నాడు డార్విన్. నవ్విన వాళ్ళూ ఉన్నారు. 1867లో వాలెస్ మాత్రం, నెప్ట్యూన్ గ్రహాన్ని వెతికినంత నమ్మకంతో దీన్నీ వెతకమన్నాడు. డార్విన్ 1882లో పోయాడు. ఆ మాత్‌కి 1903లో పేరు పెట్టారు. ఆ పేరులో 'ప్రెడిక్టా' అన్న మాట ఉంది, 'ముందే చెప్పబడినది' అని అర్థం!

ఒక పువ్వు, ఒక మాత్ అయితే సరే. ఒక ఊరు మొత్తానికి చెప్పాలంటే?

ఇలినాయ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సెయింట్ లూయిస్ వెళ్ళే దారిలో కార్లిన్‌విల్ అనే చిన్న ఊరుంది. 1880ల నుంచి ఛార్లెస్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆ చుట్టుపక్కల అడవుల్లో, బీళ్ళలో తిరుగుతూ ఏ పువ్వు మీద ఏ పురుగు వాలిందో ఏళ్ళ తరబడి రాసుకున్నాడు. 456 మొక్కలు, 1,400కు పైగా పురుగుల జాతులు తేలాయి. 1928లో దాన్ని పుస్తకంగా వేశాడు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆ పుస్తకం ఒక పెద్ద టేబుల్‌లా కనిపిస్తుంది. మొక్కలు అడ్డంగా, పురుగులు నిలువుగా పెట్టుకుంటే ఆరు లక్షల గళ్ళు దాటతాయి. నిండినవి సుమారు 15 వేలు, అంటే నూటికి మూడు కూడా లేవు. మిగతా ఖాళీల సంగతేమిటి? మీరు ఒక సినిమా చూడనంత మాత్రాన అది మీకు నచ్చదని కాదు కదా! "మీకు ఇది నచ్చవచ్చు" అని సినిమా సైట్లు చెప్పేది ఇలాంటి ఖాళీలని ఊహించే. పువ్వులకీ అదే లెక్క. గొట్టం లోతు, తొండం పొడుగు, పూసే వారాలు, ఎగిరే వారాలు ఇస్తే ప్రోగ్రామ్ నేర్చుకుంటుంది. పొట్టి తొండం లోతు పువ్వుకి అందదు, ఆ ఖాళీ నిజమైన ఖాళీ. కొన్ని ఖాళీలు మాత్రం ఆ రోజు అక్కడ చూసేవాడు లేక మిగిలినవే.

2009, 2010లో పరిశోధకులు మళ్ళీ కార్లిన్‌విల్ వెళ్ళారు. రాబర్ట్‌సన్ జాబితాలోంచి అడవి నేల మీద పూసే 26 మొక్కలు తీసుకున్నారు. అన్నీ ఇంకా పూస్తున్నాయి. వాటి దగ్గరికి ఒకప్పుడు వచ్చిన 109 రకాల తేనెటీగల్లో మాత్రం సగం కనిపించలేదు. (తేనెటీగంటే పట్టు పెట్టేదే అనుకోకండి. వీటిలో చాలా మటుకు నేలలో బొరియ చేసుకుని ఒంటరిగా బతికేవి.) పాత జంటలు 532 అయితే, మిగిలినవి నాలుగో వంతు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పోయిన తేనెటీగలు కాదు, ఉండి కూడా కలవనివి. పువ్వూ ఉంది, ఈగా ఉంది, తొండమూ సరిపోతుంది. కానీ పూసే రోజులూ, ఈగ బయటికొచ్చే రోజులూ జరిగిపోయి తేడా వచ్చింది. కొన్నిచోట్ల అడవి పోయి పొలాలొచ్చి, పువ్వు ఒక తుంటలో, ఈగ ఇంకో తుంటలో మిగిలాయి. జాతకాలు బ్రహ్మాండంగా కలిశాయి, అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి గుంటూరులో, వీసా రాలేదు! పాత టేబుల్ మీద నేర్చుకున్న ప్రోగ్రామ్ ఈ పెళ్ళి ఖాయమనే చెప్తుంది. మరోపక్క, రాబర్ట్‌సన్ రాయని కొత్త జంటలు నూరుకు పైగా కనిపించాయి. అయినా మొత్తం మీద పువ్వులకి రాకపోకలు తగ్గాయనే తేల్చారు.

రాబర్ట్‌సన్ లాంటి వాడు లేని ఊళ్ళలో ఏం పోయిందో లెక్క చెప్పే దారే లేదు.

పిల్లలూ, సెలవుల్లో మీకో పని. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. గుమ్మడి జాతి పువ్వుల కోసమే బతికే ఒక తేనెటీగ ఈ దేశంలో ఉంది, 'స్క్వాష్ బీ' అంటారు. పొద్దున్నే ఏడింటిలోపు వెళ్ళి ఒక పువ్వు దగ్గర పది నిమిషాలు కూర్చుని ఎవరొచ్చారో, తేదీ, టైముతో సహా రాసుకోండి. మధ్యాహ్నం ముడుచుకున్న పువ్వుని నెమ్మదిగా వేళ్ళతో నొక్కి చూడండి. లోపల జుయ్యిమని చప్పుడైతే, అది నిద్రపోతున్న మగ ఈగ. భయపడకండి, మగవాటికి కొండి ఉండదు.