కిడ్నీలో మోగే సైరన్

పటాన్‌చెరు వైపు ఎవరికైనా కిడ్నీ చెడిందంటే కారణం ఎవరూ అడగరు. ఫ్యాక్టరీల మురుగు చేరే నక్కవాగు నీళ్లేనని తేల్చేస్తారు. అలా అనే హక్కు అక్కడివాళ్లకుంది. అక్కడి ఫ్యాక్టరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టి చూపారు. శుద్ధి చేశాక వదిలిన నీళ్ల సంగతది! కాకపోతే నింద మొత్తం నీళ్ల మీద వేసి ఊరుకుంటే, పరీక్షకు దొరికే, మందుకు లొంగే ఇంకో దోషి చల్లగా తప్పించుకుంటున్నాడు. హెపటైటిస్ సి వైరస్.

అది లివర్ జబ్బు కదా, కిడ్నీతో దానికేం పని? రక్తాన్ని వడగట్టే సన్నని నాళాల గుత్తులు కిడ్నీ నిండా ఉంటాయి. ఒక్కో గుత్తినీ పట్టి నిలిపేవి మెసాంజియల్ కణాలు. ఇవి రక్తంలో తిరిగే తెల్లకణాల్లాంటి సైన్యం కాదు. అయినా వీటికీ పుట్టుకతోనే కాపలా బాధ్యత ఉంది. టీఎల్ఆర్-3, రిగ్-ఐ, ఎండీఏ5 అనే గ్రాహకాలు లోపల కూర్చుని, జంట పేటల ఆర్ఎన్ఏ కోసం కనిపెట్టుకుని ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మన కణాల్లో అలాంటిది మామూలుగా కనబడదు. వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు పుడుతుంది. వైరస్, దాన్ని పట్టుకున్న యాంటీబాడీలు ముద్దలుగా కలిసి ఈ గుత్తుల్లో చిక్కుకున్నప్పుడు టీఎల్ఆర్-3 ఫ్యాక్టరీ సైరన్‌లా మోగుతుంది. కణం రసాయన సంకేతాలు వదులుతుంది, తెల్లకణాలు గుంపుగా వచ్చిపడతాయి, వాపు మొదలవుతుంది. ఇలా హెపటైటిస్ సితో కిడ్నీ జబ్బు వచ్చినవాళ్ల కిడ్నీ ముక్క పరీక్షల్లో టీఎల్ఆర్-3 ఎక్కువగా కనబడిందని, రక్తంలో వైరస్ పెరిగిన కొద్దీ అదీ పెరిగిందని 2006లో మ్యూనిక్ పరిశోధకులు చెప్పారు. వడపోత జల్లెడను చెడగొట్టడంలో వైరస్‌తో పాటు మన కాపలాదారు చెయ్యి కూడా ఉండొచ్చన్నమాట.

అందుకే ఒట్టి స్టెరాయిడ్లతో వాపు అణచడం నాకు సగం వైద్యంగానే తోస్తుంది. కిడ్నీ వేగంగా దెబ్బతింటుంటే అవీ కావాలి, కాదనను. కానీ వైరస్ ఉన్నంతకాలం సైరన్ ఆగదు. మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లకు షుగరు, బీపీ చూసి వదిలేయకుండా హెపటైటిస్ సి కూడా చూడాలి. హెపటైటిస్ సి ఉన్నవాళ్లకు మూత్రం చూడాలి.

మందు సంగతి మరీ విచిత్రం. సోఫోస్బువిర్ 2013 చివర అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. మరుసటేడు గిలియడ్ కంపెనీ దాని జనరిక్ తయారీకి లైసెన్సులిచ్చిన భారతీయ కంపెనీల్లో హెటెరో ఒకటి. ఆ హెటెరోకు పటాన్‌చెరు ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, బొంతపల్లిలో ముడిమందుల తయారీ ఉంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద సర్కారు దవాఖానాల్లో చికిత్స ఉచితం. దాదాపు మూడు నెలల కోర్సుతో నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది. డయాలసిస్ రోగులకు ఈ మందు ఉన్న జంట మాత్రలు ఇవ్వచ్చా అన్న సందేహం కూడా 2019లో అమెరికా నియంత్రణ సంస్థ లేబుల్ మార్చడంతో తీరిపోయింది.

డయాలసిస్ అంటే గుర్తొచ్చింది, అక్కడ కథ తిరగబడుతుంది. కిడ్నీ చెడి వెళ్లినవాళ్లకు గ్లవ్స్ మార్చని చేతుల మీదుగా, సరిగా శుభ్రం చేయని పరికరాల మీదుగా ఇదే వైరస్ అంటుకోవచ్చు. చేరేటప్పుడు ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి పరీక్ష చేయాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. ఆ ఫలితం రోగి అడగకుండానే అతని ఫైల్లో ఉండాలి.

ఫ్యాక్టరీల్లో ఏటా చేసే వైద్య పరీక్షల్లోనూ హెపటైటిస్ సి పరీక్షను చేర్చమంటాను, ఒక షరతు మీద. ఫలితం కార్మికుడి చేతికే అందాలి, హెచ్‌ఆర్ ఆఫీసుకు కాదు. ఈ వైరస్ రక్తం ద్వారా సోకేదే తప్ప పక్కన నిలబడితే, ఒకే క్యాంటీన్లో తింటే అంటేది కాదు. ఒడిశా నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టు కూలీని పాజిటివ్ అని గేటు దగ్గరే ఆపేస్తే, రెండోవాడు పరీక్షకు చెయ్యి చాపడు.