బాక్స్ దించేముందు కారణం కాగితం మీద అడుగుదాం



ఈ మధ్య మన గ్రూపులో గూళ్ల రేట్ల తర్వాత ఎక్కువ వస్తున్న ప్రశ్నలు బండ్ల గురించే. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో హైలక్స్, ఇసుజు వి-క్రాస్ లాంటి ఆటోమేటిక్ పికప్పులు కొన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. హైలక్స్ అయితే రామనగర మార్కెట్‌కి వెళ్లే దారిలోనే, బిడదిలో తయారవుతుంది. నడిపినంత కాలం హాయి. గేర్ ఆలస్యంగా పడిందా, ఇక కష్టాలు మొదలు. గ్యారేజీకి తీసుకెళ్తే ఒక రౌండు కొట్టొచ్చి "బాక్స్ పోయింది సార్, దించాల" అంటారు. మేం చెప్పేది ఒకటే. ఏం చెడింది, అది ఎలా తెలిసింది అనేది రాసివ్వకుండా బాక్స్ దించనివ్వకండి.

పురుగు చస్తే మనం ఏం చేస్తాం? ఒళ్లు ఉబ్బి, చర్మం చిట్లి పాలు కారుతున్నాయా, గట్టిపడి సున్నం పూసినట్టు తెల్లగా అయిందా అని చూస్తాం. పాలరోగమో సున్నపుకట్టు రోగమో తేలాకే మందు. పెబ్రిన్ ఉందో లేదో తేల్చడానికి తల్లి సీతాకోకను నూరి మైక్రోస్కోప్ కింద చూసే పద్ధతి 1860లలో పాశ్చర్ పెట్టిపోయాడు, గుడ్ల కేంద్రాలు ఇప్పటికీ అదే చేస్తున్నాయి. పురుక్కి ఇంత చూసేవాళ్లం, లక్షలు పోసిన బండికి ఒక్క మాట మీద తలూపడం ఏం న్యాయం?

ముందు మనమే గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. పి నుంచి డి లోకి వేశాక బండి కదలడానికి ఎంతసేపు పడుతోంది? ఇంజిన్ అరుస్తున్నా స్పీడు పెరగట్లేదా? చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాకే మొరాయిస్తోందా? ఈ చివరిది చాలా ముఖ్యం. ఆటోమేటిక్‌లో ఇంజిన్ బలం చక్రాలకి ఆయిల్ ద్వారానే మొదలవుతుంది. లోడుతో, డి లోనే పెట్టి ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోతే ఆ ఆయిల్ కాగిపోతుంది. హొసూరు మీదుగా వచ్చేవాళ్లకి సిల్క్ బోర్డ్ జంక్షన్ గురించి మేం వేరే చెప్పక్కర్లేదు. మన ఆఫీసు పేరే ఆ ట్రాఫిక్‌కి వచ్చింది, ఏం చేస్తాం!

తర్వాత ఆయిల్. కొత్త బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్ సరైన వేడికి వచ్చాక, ఇంజిన్ ఆన్‌లో ఉండగా, కింద ప్లగ్ తీసి లెవెల్ చూడాలి. తక్కువుంటే గేర్ జారుతుంది. ఒక సీలు కారినా అంతే, దానికి బాక్స్ మార్చాల్సిన పని లేదు. నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. పాలు కలిపినట్టు గులాబీ రంగుకి తిరిగితే రేడియేటర్ నీళ్లు కలిశాయని అనుమానించాలి. పాన్ విప్పినప్పుడు మాగ్నెట్ మీద సన్నటి బూడిద లాంటి పొడి ఉంటే భయపడకండి, అది మామూలే. లోహపు ముక్కలు కనబడితే మాత్రం మెకానిక్ చెప్పింది నిజమే.

ఆ తర్వాతే స్కానర్. ఆన్‌లైన్‌లో దొరికే చవక పరికరం పి0700 అని చూపించి ఊరుకుంటుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేసిందని మాత్రమే దానర్థం. అసలు కోడ్ చదవాలంటే ఆ కంపెనీ బండికి సరిపడే స్కానర్ కావాలి. సోలినాయిడ్, సెన్సర్, వైరింగ్, చివరికి బలహీనమైన బ్యాటరీ కూడా బాక్స్ పోయినట్టు నాటకం ఆడించగలవు. బండి ఒకే గేర్‌లో ఇరుక్కుంటే అది బాక్స్ తనను తాను కాపాడుకోవడమూ కావచ్చు.

మెకానిక్కులంతా మోసగాళ్లని మేం అనట్లేదు. చెవితోనే పట్టేసే ఉస్తాద్‌లు జేసీ రోడ్డు చుట్టుపక్కల ఉన్నారు. కానీ నిజంగా తెలిసినవాడికి రెండు లైన్లు రాసివ్వడం కష్టమా? అరిగిపోయిన ప్లేట్లు కొత్త ఆయిల్ పోస్తే మళ్లీ పెరగవు, అదీ నిజమే. ఖర్చు తప్పదంటే పెడదాం. దేనికి పెడుతున్నామో తెలిసి పెడదాం.

మనం తొందరపడేది ఎందుకంటే వెనక గూళ్లు ఉంటాయి గనక. సంచుల్లో కుక్కిన గూళ్లు గాలి ఆడక వేడెక్కి మెత్తబడతాయి, లోపలి పురుగు చచ్చి మరకలు పడతాయి, వేలంలో రేటు పడిపోతుంది. అవి బండిలో ఉన్నంతసేపు బేరం మెకానిక్ చేతిలోనే. అందుకే దారిలో ఆగితే ముందు ఇంకో బండి పిలిచి గూళ్లు ఎక్కించి పంపండి. ఆ బాడుగకి వెనకాడొద్దు. బాక్స్ సంగతి మర్నాడు పొద్దున మాట్లాడొచ్చు.

ఇంకోటి. ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాక్కుపోవద్దు. ఇంజిన్ ఆగితే బాక్స్‌లో ఆయిల్ పంపు తిరగదు. చక్రాలు మాత్రం లోపలి భాగాల్ని ఆయిల్ లేకుండా తిప్పుతూనే ఉంటాయి. చిన్న సెన్సర్‌తో పోయేది నిజంగానే బాక్స్ దాకా వస్తుంది. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్‌నే పిలవండి. నెట్టి స్టార్ట్ చేద్దామన్నా ఈ బండి స్టార్ట్ కాదు.

ఇప్పటికే రిపేరు చేయించినవాళ్లు కోడ్ నంబరు, బిల్లు ఫోటో గ్రూపులో పెట్టండి. మీ ఫోన్ నంబరు, బండి నంబరు చెరిపేసి పెడితే చాలు.