సౌర విద్యుత్తు: జవాబు కన్నా ముందు ప్రశ్న చదవాలి

అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో ఎన్నికల రోజున అభ్యర్థులతో పాటు కొన్ని చట్ట ప్రతిపాదనలకూ ఓటు వేస్తారు. అవునా, కాదా అన్నదే ఓటరు చెప్పాలి. ప్రజల చేతికి ఇంతకన్నా అధికారం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ ప్రశ్నను రాసేదెవరు? సౌర విద్యుత్తు విషయంలో ఫ్లోరిడా, అరిజోనా అనుభవాలు మనకూ పాఠాలే.

2016 నవంబరులో ఫ్లోరిడా ఓటర్ల ముందుకు ‘సవరణ 1’ వచ్చింది. సొంత వాడకానికి సౌర పరికరాలు కొనుక్కునే, అద్దెకు తీసుకునే హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలన్నది మొదటి మాట. దాని వెనకే రెండో మాట: సౌర పలకలు పెట్టుకున్నవారి గ్రిడ్ ఖర్చు పెట్టుకోనివారిపై పడకుండా చూసే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని. మొదటి హక్కు అక్కడ అప్పటికే ఉంది. రెండో మాటతో కొత్త ఛార్జీలకు తలుపు తెరుచుకుంటుందని వ్యతిరేకులు హెచ్చరించారు. ప్రతిపాదన ప్రచారానికి 2 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది విద్యుత్ కంపెనీలే. ప్రశ్న తప్పుదారి పట్టిస్తోందన్న అభ్యంతరం రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్తే, 4–3 మెజారిటీతో బ్యాలెట్‌కు అనుమతి దొరికింది. గెలవాలంటే 60 శాతం రావాలి. సుమారు 51 శాతమే వచ్చి ప్రతిపాదన ఓడింది. అయినా సగం మందికి పైగా అవునన్నారని మరవకూడదు.

2018లో అరిజోనాలో కథ తిరగబడింది. 2030 నాటికి విద్యుత్తులో సగం పునరుత్పాదక వనరుల నుంచి రావాలన్నది అక్కడి ‘ప్రతిపాదన 127’. వినియోగదారులపై పడే ఖర్చుతో నిమిత్తం లేకుండా అనే మాటను బ్యాలెట్ వివరణలో అటార్నీ జనరల్ కార్యాలయం చేర్చింది. అక్కడి పెద్ద విద్యుత్ కంపెనీ మాతృసంస్థ వ్యతిరేక ప్రచారానికి 3 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. అనుకూల ప్రచారానికీ కాలిఫోర్నియా సంపన్నుడు టామ్ స్టెయర్ 2 కోట్లకు పైగా పెట్టారు. దాదాపు 69 శాతం మంది వద్దన్నారు.

కంపెనీల వాదనలో పస లేదనడం న్యాయం కాదు. తీగలకు, సబ్‌స్టేషన్లకు ఖర్చవుతుంది. పైకప్పు ఉన్నవాడి బిల్లు తగ్గితే ఆ భారం ఎవరో ఒకరు మోయాలి. ఎంత మోయాలన్నదే అసలు చర్చ. దాన్ని తీపి మాటల చాటునో, భయపెట్టే మాటల చాటునో దాచడమే తప్పు.

మనకు ఇలాంటి ఓటింగ్ లేదు. మన దగ్గర ఛార్జీలను తేల్చేది రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ కమిషన్లు. గోవా, కేంద్రపాలిత ప్రాంతాలకు ఉన్న ఉమ్మడి కమిషన్ కిందికి యానాం వస్తుంది. 2003 విద్యుత్ చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం, టారిఫ్ ఉత్తర్వు ఇచ్చే ముందు కమిషన్ ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాలి. మన బ్యాలెట్ అదే అనుకోవాలి.

చిక్కు భాష దగ్గరే. నోటీసు చాలాచోట్ల రాష్ట్ర భాషలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం కానీ, కన్నడమో తమిళమో చదివే పిల్లలకు విద్యుత్ లెక్కలు తెలియవు. బిల్లు కట్టే పెద్దలకు ఆ లిపి రాకపోవచ్చు. తెలుగు సంఘాలు పండుగ సభలతో పాటు ఏడాదికొకసారి ఈ నోటీసు చదివి వినిపించే పని పెట్టుకోవాలి. అందులో మూడు సంగతులు వెతకాలి: కొత్త ఛార్జీ ఎవరి మీద? ఎప్పటి నుంచి? ఇప్పటికే పలకలు పెట్టుకున్నవారి మాటేమిటి? గడువులోగా ఒక పేజీ అభ్యంతరం రాసినా, అది రికార్డులోకి వెళ్తుంది. రాయకపోతే, మన తరఫున జవాబు ఇంకెవరో రాసేస్తారు.