సంగీతపు చుట్టరికము

దేశీయ విదేశీయ వాద్యములను కలగలిపి వాయించుట నేడు విరివిగా వినవచ్చుచున్నది. మన విద్యార్థులును వార్షికోత్సవమునకు అట్టి కచేరీయే కావలెనని కోరుచున్నారు. కోర్కె మంచిదే. అయితే ఏ కలయిక సంగీతమగును, ఏది కోలాహలమగును అను విచారణ ముందుగా చేయవలెనని మా అభిప్రాయము.

ఈ విషయమున పాశ్చాత్యులలోనే ఒక చక్కని నిదర్శనము కలదు. ఐర్లండు దేశపు డబ్లిను నగరమున 1962లో ఏర్పడిన చీఫ్‌టెన్స్ అను వాద్యబృందము, 1992లో అమెరికాలోని నాష్‌విల్ పట్టణపు కంట్రీ సంగీతజ్ఞులతో కూడి ‘అనదర్ కంట్రీ’ అను ధ్వనిముద్రికను వెలువరించెను. విల్లీ నెల్సన్, ఎమ్మిలూ హారిస్, చెట్ ఆట్కిన్స్ మొదలగువారు అందు పాల్గొనిరి. 2002లో ‘డౌన్ ది ఓల్డ్ ప్లాంక్ రోడ్’ అను మరియొక ముద్రిక వెడలెను. వీరి కలయిక అపరిచితుల కలయిక కాదు. పదునెనిమిదవ శతాబ్దమున ఐర్లండు ఉత్తరభాగము నుండి వలస పోయినవారు తమ ఫిడేలు వరుసలను, కథాగేయములను అపలేషియను కొండలకు తీసికొనిపోయిరి. ఆఫ్రికా జాతివారి బాంజో వాద్యము అచ్చట వానితో చేరినది. కంట్రీ సంగీతమునకు పుట్టినిండ్లలో నదియొకటి. కావున వీరు రెండు తీరముల దాయాదులు; చిరకాలమునకు ఒక పంక్తిని కూర్చుండిరి.

ఆ ఐరిష్ బృందమునకు నాయకుడైన ప్యాడీ మొలోనీ వాయించిన తిత్తివాద్యమును గూర్చి ఒక మాట. దాని పాట పలికెడు గొట్టమునకు జంటరేకుల పీక యుండును. మన సన్నాయి పీకయు నట్టిదే. దానికి శ్రుతి గొట్టములు కలవు. మన మేళమునను శ్రుతి పట్టువాడు ప్రత్యేకముగా కలడు. వారు మోచేతితో తిత్తి నొత్తి గాలి నింపుదురు గనుక బుగ్గల శ్రమ మాత్రము మనవారి పాలనే మిగిలినది.

ఇక మన యింటి సంగతి. నాదస్వరవిద్వాంసులలో చిలకలూరిపేట యనునది ఊరిపేరు మాత్రమే కాదు, ఒక సంప్రదాయపు పేరు. ఆ ఖ్యాతికి మూలపురుషులు షేక్ ఆదం సాహెబు గారు. ఒంగోలు దాపున గల కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా గారు తండ్రి యొద్ద తొలిపాఠములు నేర్చి, పిమ్మట ఆదం సాహెబు గారి శిష్యులైరి. అంతటితో తృప్తి నొందక, తంజావూరు బాణిపై మనసు పడి, కావేరీతీరమునకు పోయి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల యొద్ద మరల పాఠము చెప్పించుకొనిరి. తుదకు శ్రీరంగముననే స్థిరపడిరి. 1998లో మద్రాసు సంగీతవిద్వత్సభ వారు ‘సంగీతకళానిధి’ బిరుదముతో గౌరవించిరి; మరుసటి యేడే వారు కీర్తిశేషులైరి.

ఇందు మేము గమనింపగోరునది బిరుదము కాదు. ఒక బాణిలో చేయి తిరిగినవాడు రెండవ బాణి ముందు శిష్యుడై కూర్చుండుటయే. ఒక పూట వేదికపై ప్రక్కప్రక్కన నిలిచి, వంతులవారీగా వేగము చూపి, చప్పట్లతో ముగించినచో అది పొరుగు మాత్రమే, చుట్టరికము కాదు. పైగా ఆ కావేరి మనకు పరాయిది కాదు. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారున నివసించియు కృతులలో అధికభాగమును తెలుగుననే రచించెను. వారి యింటిపేరు కాకర్ల. ఆ పేరుగల గ్రామము పూర్వపు ప్రకాశము జిల్లాలో నున్నది. పూర్వులు అచ్చటినుండి తరలిరని పెద్దలు చెప్పుదురు. మన భాష వెంబడి పోయిన పాటను వెదకికొనుచు మన సన్నాయియు పోయినదన్నమాట. మౌలానా గారి శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. పెండ్లిపందిళ్ళలో యంత్రపు పాటలకే మక్కువ పెరిగిన ఈ దినములలో, ఆ సంప్రదాయమునకు పేరిచ్చిన ఊరి పిల్లలలో ఎందరు ఒక్క రాగమైనను దగ్గర కూర్చుండి విన్నారు?

క్రైస్తవ పాఠశాలకు దేవాలయపు వాద్యము తగునా యని కొందరు అడుగవచ్చును. ముసల్మానులు తరతరములుగా హిందువుల కోవెలలలో దీనిని వాయించిరి. ఎవరి విశ్వాసమునకును లోపము రాలేదు. మన కీర్తనలమాట చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి గారు క్రీస్తుకీర్తనలను కర్ణాటక రాగతాళములలోనే కట్టిరి. హేయరు దొరగారు 1842లో గుంటూరు చేరి మిషను పని ఆరంభించిన పిమ్మట పాశ్చాత్యపు వరుసలును ఈ ప్రాంతపు ఆరాధనలలో ప్రవేశించినవి. రెండును ఒకే పుస్తకమున నున్నవి. కీర్తనల మీద రాగము, తాళము ముద్రించియే యున్నను, మనలో అనేకులు ఆ పంక్తిని దాటి పాటలోనికి పోవుచున్నారు. ఆ పంక్తి యర్థము చెప్పగలవాడు సన్నాయి విద్వాంసుడే.

కావున మా సూచన యిది. ఉత్సవమునకు వారము ముందు కాక, బడి తెరచిన మాసముననే ఒక నాదస్వరవిద్వాంసుని పిలిపించి, తగిన వేతనమిచ్చి, వారమున కొక దినము గాయకబృందమునకు రాగములు వినిపింపజేయవలెను. ఊదుటకు ఉత్సాహము గల బాలబాలికలు ఇద్దరు ముగ్గురు దొరకినను మేలే. వార్షికోత్సవమునకు రెండు మూడు కీర్తనలు చాలును: ముందు సన్నాయి ఆలాపన, పిదప పిల్లల పాట. మూసిన సభామందిరమున ఆ నాదము చెవులకు భారమగును గనుక ఆవరణములోని చెట్లక్రింద ఏర్పాటు చేయుట లెస్స. హార్మోనియము మెట్లు కదలవు, గమకము పలుకదు. 1940 మొదలు 1971 వఱకు రేడియోవారు దానిని వెలివేసియే యుంచిరి. మనము అంత కఠినులము కానక్కరలేదు, ఆ యొక్క సాయంకాలము మూత వేసి యుంచిన చాలును.